గన్నవరం–విశాఖ 290 కిలోమీటర్లే కదా, టికెట్ మీద గంటకు పైగా ఎందుకుంది?

మీరు రాసింది ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ఇల్లు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. విశాఖలో డాక్టర్‌గారి అపాయింట్‌మెంట్ ఉదయం 11 గంటలకు. నెట్‌లో చూస్తే గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి 290 కిలోమీటర్లు అని కనబడింది. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందంటారు కాబట్టి పాతిక నిమిషాల్లోపే దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం గంటా ఐదు నిమిషాలు వేశారు. ఆ మిగతా నలభై నిమిషాలు ఏమవుతున్నాయి, అసలు రైలు కంటే విమానం మేలేనా అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై రెండేళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేసి రిటైరయ్యాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత ఇంధనం పోయించాలి అని లెక్కకట్టి కెప్టెన్ చేతికి కాగితం ఇచ్చే పని అది. ఎక్కువగా ఇలాంటి చిన్న రూట్లే చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన 290 కరెక్టే. టికెట్ మీద ఉన్న గంటా కరెక్టే. ఆ 800 అన్న అంకె ఒక్కటే ఈ రూట్లో పనికిరాదు.

దూరం సంగతి ముందు తేల్చేద్దాం. దీన్ని మీరే కాగితం మీద వేసుకోవచ్చు. గన్నవరం రన్‌వే సుమారుగా 16.53 అక్షాంశం, 80.80 రేఖాంశం మీద ఉంది. విశాఖది 17.72, 83.22. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు. మన కోస్తా ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. అంటే ఉత్తరానికి 132, తూర్పుకి 257 కిలోమీటర్లు జరగాలి. ఈ రెండింటికీ ఐమూలగా గీత గీస్తే 289 వస్తుంది. నెట్‌లో కనబడే అంకెలన్నీ ఈ గీత కొలతే. మేము దాన్ని నాటికల్ మైళ్లలో రాసుకుంటాం, ఒక మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి 156 లేదా 157 అవుతుంది. రైలు పట్టాల మీద అయితే విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి మీదా దాదాపు అంతే. గోదావరి దాటడానికి రాజమండ్రి వైపు వెళ్లాలి, తర్వాత తుని, అనకాపల్లి మీదుగా తిరగాలి, అందుకని నేల మీద అరవై కిలోమీటర్లు పెరుగుతాయి. ఆకాశంలో ఆ బాధ లేదు, కానీ ఆకాశంలోనూ ఆ గీత మీద గీసినట్టు ఎవరూ వెళ్లరు. ఎందుకో చెప్తాను.

ముందు మీరు ఎక్కబోయే విమానం ఏదో చూసుకోండి. టికెట్‌లో ఏటీఆర్ అని ఉంటే అది రెండు పెద్ద ఫ్యాన్లు బయటికి కనబడే విమానం. మన దగ్గర తిరిగే ఏటీఆర్ 72-600లో డెబ్బై నుంచి డెబ్బై ఎనిమిది సీట్లుంటాయి. చిన్న ఊళ్ల మధ్య నడిపే సర్వీసుల్లో ఎక్కువ భాగం ఇవే. దీని వేగం ఎంత తోలినా గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కలే. మీరు విన్న 800 ఎయిర్‌బస్ ఎ320 లాంటి జెట్ విమానాలది. అదీ ముప్ఫై, ముప్ఫై ఐదు వేల అడుగులకు ఎక్కి నిలకడగా సాగుతున్నప్పటి వేగం. పదివేల అడుగుల లోపు ఉన్నంతసేపు ఏ విమానమైనా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదన్నది నియమం.

ఇప్పుడు ఏటీఆర్‌లో కూర్చుని బయలుదేరదాం. తలుపు మూశారు. రెండో ఇంజిన్ మీరు ఎక్కేటప్పటికే గుయ్యిమంటూ ఉంటుంది, కానీ దాని ఫ్యాను తిరగదు. ఈ విమానానికి తోకలో వేరే చిన్న ఇంజిన్ ఉండదు కాబట్టి, కుడివైపు ఫ్యానుకి బ్రేకు వేసి ఆ ఇంజిన్‌తోనే లోపలికి కరెంటు, చల్లగాలి ఇస్తారు. దీన్ని మేము హోటల్ మోడ్ అంటాం. చాలామంది అది చూసి ఇంజిన్ పాడైందేమోనని టెన్షన్ పడతారు, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. తర్వాత చక్రాల దగ్గర అడ్డుపెట్టిన చాక్స్ తీస్తారు. టికెట్ మీద ఉండే బయలుదేరే టైము ఇదే, గాల్లోకి లేచే టైము కాదు. అక్కడి నుంచి రన్‌వే మొదటికి వెళ్లి, టవర్ అనుమతి తీసుకుని, తిరిగి నిలబడేసరికి ఏడెనిమిది నిమిషాలు. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు. విమానం ఆ చివరి నుంచి లేవాల్సి వస్తే నేల మీద నడిచే దూరమే తక్కువేం కాదు.

లేచాక ఎక్కడం. పదిహేడు వేల అడుగులకు ఎక్కడానికి ఏటీఆర్‌కి పావుగంట పడుతుంది. ఈ పావుగంటలో సాగేది తొంభై కిలోమీటర్లు. ఎత్తు కూడా ఇష్టం వచ్చింది తీసుకోవడానికి ఉండదు. తూర్పు దిక్కుగా వెళ్లే విమానాలకు బేసి వేల అడుగులు, పడమర దిక్కుగా వచ్చేవాటికి సరి వేలు. అందుకే విశాఖ వెళ్లేటప్పుడు పదిహేను, పదిహేడు వేలలో పోతారు, తిరిగి వచ్చేటప్పుడు పదహారో, పద్దెనిమిదో అడుగుతారు. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య వెయ్యి అడుగుల ఎడం దీనివల్లే ఉంటుంది.

దిగడం సంగతి చూడండి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్లు నోటికి వేసుకునే లెక్క. పదిహేడు వేల అడుగులు దిగాలంటే 51 మైళ్లు, అంటే 95 కిలోమీటర్లు. ఎక్కడానికి తొంభై చిల్లర, దిగడానికి 95 పోతే, 290లో మధ్యన మిగిలింది వంద కిలోమీటర్లే. అంత చిన్న ముక్కలోనే విమానం తన పూర్తి వేగంతో పోయేది, అదీ పన్నెండు నిమిషాలు. ఎయిర్‌హోస్టెస్ మంచినీళ్లు ఇచ్చి ఖాళీ గ్లాసు తీసుకునేలోపే దిగడం మొదలైపోతుంది. దిగడానికి మరో పదమూడు నిమిషాలు, ఆఖరి మలుపులకి, నెమ్మదిగా రన్‌వే మీదికి రావడానికి ఏడు. మొత్తం గాల్లో 47 నిమిషాలు. బయలుదేరే దగ్గర ఎనిమిది, దిగాక స్టాండు దాకా ఐదు కలుపుకుంటే సరిగ్గా గంట. మీ టికెట్ మీద ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ వేశారు, గాలికో ట్రాఫిక్‌కో అది కావాలి. పావుగంట లోపు ఆలస్యమైతే ఆన్‌టైమే అని లెక్క వేస్తారు కాబట్టి, ఏ సంస్థ అయినా అలాగే కాస్త చేర్చి వేస్తుంది.

ఆఖరి మలుపులు అన్నాను కదా, విశాఖ విషయంలో ఆ ఒక్క ముక్క విడిగా చెప్పాలి. విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. రన్‌వే, టవర్ వాళ్లవి, మనం ప్రయాణించే టెర్మినల్ ఆ ఆవరణ పక్కన ఉన్నది. వాళ్ల విమానాలు ఎగిరే వేళల్లో మనవి కాసేపు ఆగాల్సి రావచ్చు. చుట్టూ కొండలు, ఉత్తరాన సింహాచలం కొండ, దక్షిణాన యారాడ. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. మీరు వచ్చేది నైరుతి నుంచి. తూర్పు గాలి ఉంటే అనకాపల్లి వైపు నుంచి సూటిగా దింపేస్తారు, అదృష్టం. పడమటి గాలి ఉంటే మాత్రం సముద్రం మీదికి వెళ్లి, ఊరు దాటి, ఎడమకు తిరిగి మళ్లీ ఊరి మీదికి రావాలి. అప్పుడు ఎడమ కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ, హార్బర్‌లోకి వచ్చే ఓడలు, కుడి కిటికీలోంచి బీచ్ కనబడతాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ మలుపుకే ముప్ఫై నలభై కిలోమీటర్లు ఖర్చు. గన్నవరంలోనూ అంతే. పడమటి వైపుకి లేవాల్సి వస్తే ముందు విజయవాడ వైపుకి లేచి, వెనక్కి తిరిగి వెళ్లాలి. నెట్‌లో గీసే గీతలో ఈ మలుపులేవీ ఉండవు.

జెట్ విమానమైతే ఎంత ఆదా అని అడుగుతారు. ఇదే రూట్‌లో ఎ320 అయితే గాల్లో 37, 38 నిమిషాలు. పది నిమిషాలు తేడా. దాదాపు ఒకటిన్నర రెట్ల వేగం ఉన్నా పరిగెత్తడానికి చోటు లేదు. అందుకే నేనొక చిన్న లెక్క అందరికీ చెప్తుంటాను. ఏటీఆర్ అయితే కిలోమీటర్లని 500తో భాగించి, వచ్చినదానికి 25 నిమిషాలు కలపండి. జెట్ అయితే 800తో భాగించి 30 కలపండి. శంషాబాద్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టు ఒక చివర ఉంటే మరో పది నిమిషాలు. విశాఖ నుంచి తిరుపతికి (రేణిగుంట) సూటి దూరం 600 కిలోమీటర్లు. గన్నవరం దూరానికి రెట్టింపు పైమాటే, కానీ ఏటీఆర్‌లో టైము రెట్టింపు అవ్వదు, గంటా ముప్పావు లోపే అయిపోతుంది. గన్నవరం నుంచి తిరుపతి దాదాపు 350, గంటా ఏడు నిమిషాలు. రాజమండ్రి మధురపూడి నుంచి శంషాబాద్ 360, శంషాబాద్‌లో నేల మీద తిరగడం కలిపి గంటా పావు దాకా. దూరం పెరిగే కొద్దీ విమానం లాభం పెరుగుతుంది, తగ్గే కొద్దీ కరిగిపోతుంది.

ప్రభుత్వం కూడా ఈ లెక్కనే పట్టుకుంది. 2016లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం ప్రకటించినప్పుడు ఒక గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, కొన్ని సీట్లకి 2,500 రూపాయలు పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో మన కడప–హైదరాబాద్ ఒకటి. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కడప లాంటి ఊరికి విమానం అంటే అక్కడి ఆసుపత్రి కేసులకి, చదువుకునే పిల్లలకి ఎంత ఆసరానో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంధనం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ 11 గంటల అపాయింట్‌మెంట్‌కి దాంతో సంబంధం ఉంది. 47 నిమిషాల ప్రయాణానికి 47 నిమిషాల ఇంధనం పోయించి పంపరు. దానిపైన ఐదు శాతం అదనం, దిగే ఊరు మూసుకుపోతే వేరే ఊరికి వెళ్లడానికి సరిపడా, అక్కడ కూడా అరగంట చక్కర్లు కొట్టడానికి సరిపడా ఉండాలి. ఆ వేరే ఊరు ఏదో ముందే కాగితం మీద రాసి ఇస్తాం. రోజువారీగా చేసే ఈ పని విలువ డిసెంబరు, జనవరి నెలల్లో తెలుస్తుంది.

గన్నవరంలో పొగమంచు ఎలా పడుతుందో మీకు తెలియంది కాదు. ఏలూరు కాలువ, చుట్టూ పొలాలు, రాత్రి గాలి ఆడకపోతే తెల్లవారుజామున నేలకు అంటుకుని పాలు పరిచినట్టు దిగుతుంది. ఒక జనవరి ఉదయం నేను విమానాలు నిలిపే చోట నిలబడి ఉన్నాను. నా కాళ్ల ముందున్న నారింజ రంగు కోన్ కనబడుతోంది, దానికి పది అడుగుల అవతల ఉన్న రెండో కోన్ నీడలాగా ఉంది, విమానం రెక్క చివర అసలు లేదు. పైన విమానం చప్పుడు మాత్రం వినబడుతోంది, గుండ్రంగా తిరుగుతోంది. మామూలు పరికరాలున్న రన్‌వే మీద దిగాలంటే కనీసం 550 మీటర్లు కనబడాలి. ఆ రోజు వంద కూడా లేదు. నలభై నిమిషాలు తిరిగి అది హైదరాబాద్ వెళ్లిపోయింది. అదే విమానం తిరుగు ప్రయాణంలో విశాఖ వెళ్లాలి. లాంజ్‌లో ఒక పెద్దాయన, చేతిలో ఎక్స్‌రే కవరు, ‘బాబూ, పది గంటలకు డాక్టరు, అందుకుంటామా?’ అని నన్ను అడిగారు. మంచు విడిచేసరికి తొమ్మిదిన్నర దాటింది, విమానం వెనక్కి వచ్చేసరికి పదకొండున్నర. ఆయనకు ముందే ఈ సంగతి చెప్పినవాళ్లు ఎవరూ లేకపోయారు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. మీకు ఇంత పొడుగు సమాధానం రాయడానికి అది కూడా ఒక కారణం.

కాబట్టి నెల ఏదైనా, 11 గంటల అపాయింట్‌మెంట్‌కి ఆ ఉదయమే బయలుదేరకండి. డిసెంబరు, జనవరి అయితే అసలు వద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల సంగతి వేరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ టెర్మినల్ పైకప్పే చెదిరిపోయి, కొన్ని రోజులు సర్వీసులన్నీ ఆగిపోయాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వింటే టికెట్ మార్చుకోవడమే మంచిది.

ఇక రైలా, విమానమా? గాల్లో గంట అన్నది పక్కన పెట్టి, మీ గుమ్మం నుంచి అక్కడి గుమ్మం దాకా లెక్కిద్దాం. బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం ఇరవై కిలోమీటర్లు, నలభై నిమిషాలు వేసుకోండి. చాలా సంస్థలు బయలుదేరే టైముకి గంట ముందే చెక్‌ఇన్ కౌంటరు మూసేస్తాయి, అమ్మగారితో కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానంలో గంటా ఐదు. దిగాక సామాను, క్యాబ్ దొరకడం ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి ఊళ్లోకి నలభై నిమిషాలు. మొత్తం నాలుగుంపావు గంటలు. వందే భారత్ అయితే విజయవాడ స్టేషన్ నుంచి విశాఖకు నాలుగు గంటల పైచిలుకు, రెండు వైపులా స్టేషన్‌కి రాకపోకలు కలిపితే ఐదు, ఐదున్నర. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో గంటన్నర పైన. విమానం మిగిల్చేది ఒక గంట. ఆ గంటకోసం క్యూలో నిలబడటం, భద్రతా తనిఖీ, బస్సు ఎక్కి దిగడం ఉంటాయి. రైల్లో అమ్మగారు ఒకసారి కూర్చుంటే దిగేదాకా లేవక్కర్లేదు, కాలు నొప్పెడితే రెండడుగులు నడవచ్చు. నా తల్లిని తీసుకెళ్లాల్సి వస్తే నేను ముందురోజు పగలు వందే భారత్‌లో వెళ్లి, రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే స్థిమితంగా డాక్టరు దగ్గరికి వెళ్తాను.

ఒక్క పని మాత్రం చేయొద్దు. ఈ రూట్లో నేరుగా వెళ్లే సర్వీసులు కొన్నాళ్లు ఉంటాయి, కొన్నాళ్లు ఉండవు. లేనప్పుడు యాప్‌లు హైదరాబాద్ మీదుగా టికెట్ చూపిస్తాయి. గన్నవరం నుంచి పడమరగా శంషాబాద్‌కి 264 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్లీ తూర్పుకి విశాఖకు 511. అంటే 290కి బదులు 775 కిలోమీటర్లు, రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, మధ్యలో పెద్ద టెర్మినల్‌లో నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది శిక్షే.

అలాగే టికెట్‌లో విశాఖ అని ఉంటే ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన భోగాపురం ఎయిర్‌పోర్టుకి సర్వీసులు మారాక ఈ లెక్క మారుతుంది. గన్నవరం నుంచి గాల్లో ఓ నలభై కిలోమీటర్లు ఎక్కువ, అది ఐదు నిమిషాలతో పోతుంది. కానీ భోగాపురం ఊరికి 45 కిలోమీటర్ల దూరం. విశాఖలోకి రోడ్డు మీదే గంట పైన పడుతుంది. అప్పుడు ఇల్లు చేరే లెక్కలో విమానం, వందే భారత్ ఇంచుమించు ఒకటే.

విమానమే అనుకుంటే, టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ పెట్టించండి, కనీసం 48 గంటల ముందు. ఏటీఆర్ అయితే సీటు ఎప్పుడూ వెనక వరుసల్లో అడగండి. జెట్ విమానాల్లోలా ముందు నుంచి కాదు, ఈ విమానంలో జనం ఎక్కే తలుపు తోక దగ్గర ఎడమవైపు ఉంటుంది. ముందు తలుపు సామానుకి. మొదటి వరుస దొరికిందని సంతోషిస్తే, అమ్మగారు ఆ ఇరుకు దారిలో చివరి దాకా నడవాలి. పైగా ఫ్యాన్ల చప్పుడు ముందు వరుసల్లోనే ఎక్కువ, వెనక కాస్త నయం. తలుపే కిందికి దిగి మెట్లవుతుంది, ఐదారు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది కానీ సన్నటిది. మెట్లు ఎక్కలేరనుకుంటే ర్యాంపు కావాలని కౌంటర్లోనే చెప్పండి, విమానం దగ్గరికి వెళ్లాక అడిగితే తెప్పించడానికి టైము పడుతుంది. ఎక్కేటప్పుడు మీరు అమ్మగారి వెనక ఉండండి, దిగేటప్పుడు ముందు.